విమానం జాడ తెలియనప్పుడు: దావా వేయడం, దాచిన రికార్డులు రాబట్టడం

ప్రయాణికుల విమానం కూలిపోతే శకలాలు ఉంటాయి, బ్లాక్ బాక్సులు దొరుకుతాయి, చూసినవారు ఉంటారు. విమానమే కనిపించకుండా పోతే ఆ కుటుంబాలకు మిగిలేవి రికార్డులు మాత్రమే. ఆ రికార్డులు విమానయాన సంస్థ, పౌర విమానయాన శాఖ, సైన్యం, ఉపగ్రహ కంపెనీ, విమానం తయారు చేసిన కంపెనీల చేతుల్లో ఉంటాయి. అంటే రేపు కోర్టులో ప్రతివాదులుగా నిలబడవలసినవారే సాక్ష్యాన్ని భద్రపరిచే స్థానంలో ఉంటారు. 2014 మార్చి 8న, అర్ధరాత్రి దాటాక 12.42 గంటలకు కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరి అదృశ్యమైన మలేషియా ఎయిర్‌లైన్స్ ఎంహెచ్370 విమానంలో 239 మంది ఉన్నారు, వారిలో ఐదుగురు భారతీయులు. ఆ కుటుంబాలు అనేక దేశాల కోర్టుల్లో ఏళ్ల తరబడి చేసిన పోరాటం నుంచి, ఇలాంటి కష్టం వచ్చినవారు ఏ పని ఎప్పుడు చేయాలో నేర్చుకోవచ్చు. ఆ క్రమాన్ని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. న్యాయవాది సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు. న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు ఏమి అడగాలో తెలిసి ఉండడానికి పనికొస్తుంది.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోవాలి. సముద్రం అడుగున ఉండి దొరకని సాక్ష్యం వేరు, ఎవరో ఒకరి బీరువాలో ఉండి ఇవ్వని సాక్ష్యం వేరు. అధికారులు ఈ రెంటినీ కలిపి "విమానం దొరికితే గాని ఏమీ చెప్పలేము" అని ఒకే మాటతో సరిపెడతారు. కుటుంబం తరఫున జరిగే న్యాయపోరాటమంతా ఆ రెంటినీ విడదీసి, రెండోదాన్ని పేరు పెట్టి అడగడంలోనే ఉంటుంది.

రెండేళ్ల గడువు

అంతర్జాతీయ ప్రయాణాల్లో మరణానికి నష్టపరిహారం 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం నడుస్తుంది. భారతదేశంలో 2009 నుంచి అది అమల్లో ఉంది, 1972 నాటి విమాన రవాణా చట్టంలో మూడో షెడ్యూలుగా చేరింది. దాని 35వ అధికరణం ప్రకారం విమానం గమ్యం చేరవలసిన రోజు నుంచి రెండేళ్లలోపు దావా వేయాలి. వేయకపోతే పరిహారం కోరే హక్కే పోతుంది. విచారణ పూర్తి కాలేదని, సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయని, విమానం ఇంకా దొరకలేదని ఈ గడువు ఆగదు.

ఎంహెచ్370 తేదీలు చూస్తే ఇది ఎంత కఠినమైన నియమమో తెలుస్తుంది. గడువు 2016 మార్చి 8తో ముగిసింది. మలేషియా విచారణ బృందం 495 పేజీల తుది నివేదికను 2018 జూలై 30న గాని బయటపెట్టలేదు, అందులోనూ కారణం నిర్ధారించలేకపోయామనే రాసింది. నివేదిక చూసి నిర్ణయించుకుందామని కూర్చున్న కుటుంబం ఉంటే, ఆ కుటుంబం హక్కు పోయి అప్పటికే రెండేళ్లు దాటింది. చైనాలోని కొన్ని కుటుంబాలు గడువు ముగిసే ముందు 2016 మార్చిలో బీజింగ్ కోర్టులో దావాలు వేశాయి. అక్కడ విచారణ 2023 నవంబరు 27న గాని మొదలు కాలేదు. అంత ఆలస్యాన్ని తట్టుకుని ఆ దావాలు నిలబడ్డాయంటే సమయానికి వేయబట్టే.

కాబట్టి మొదటి నెలలోనే క్యాలెండరులో గడువు తేదీ రాసుకోండి. పద్దెనిమిదో నెల దాటనివ్వకుండా దావా దాఖలు చేసేలా న్యాయవాదితో ముందే మాట్లాడుకోండి. చివరి వారంలో వకాల్తా, అనువాదాలు, అటెస్టేషన్లు కుదరవు.

ఏ కోర్టులో, ఎవరి మీద

ఒప్పందం 33వ అధికరణం ఐదు చోట్ల దావాకు అవకాశం ఇస్తుంది. విమానయాన సంస్థ నమోదైన దేశం, దాని ప్రధాన కార్యాలయం ఉన్న దేశం, టికెట్ కొన్న సంస్థ శాఖ ఉన్న దేశం, ప్రయాణ గమ్యస్థానం ఉన్న దేశం అన్నవి మొదటి నాలుగు. ఆ సంస్థ సర్వీసులు నడిపే దేశమైతే, ప్రయాణికుడు స్థిరనివాసం ఉన్న దేశం ఐదోది. ఇందులో మనవారు తరచుగా గమనించని అంశం గమ్యస్థానం. రానుపోను టికెట్ అయితే చట్టం దృష్టిలో గమ్యం తిరిగి చేరవలసిన ఊరే. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా బీజింగ్ వెళ్లి తిరిగి హైదరాబాద్ రావలసిన ప్రయాణికుడు బీజింగ్ దారిలో అదృశ్యమైనా, అతని గమ్యం హైదరాబాదే. అందువల్ల టికెట్ ప్రతి, ఈ-మెయిల్‌లో వచ్చిన ప్రయాణ వివరాల పత్రం (ఇటినరరీ), డబ్బు చెల్లించిన బ్యాంకు స్టేట్‌మెంటు చాలా విలువైన పత్రాలు.

అమెరికాలో పరిహారం ఎక్కువ వస్తుందని, అక్కడ పత్రాలు రాబట్టే పద్ధతులు బలమైనవని చాలామంది అటు చూస్తారు. ఎంహెచ్370 కుటుంబాలు అమెరికాలో వేసిన దావాలన్నిటినీ వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టులో కలిపారు. 2018 నవంబరు 21న న్యాయమూర్తి కెటాంజి బ్రౌన్ జాక్సన్, ఈ వివాదానికి మలేషియానే తగిన వేదిక అని వాటిని కొట్టివేశారు. 2020 జనవరి 10న అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. దీని అర్థం అమెరికా కోర్టుకు అసలు వెళ్లకూడదని కాదు. అక్కడ వేసినా, స్వదేశంలోనో విమానయాన సంస్థ దేశంలోనో గడువులోపే మరో దావా వేసి ఉంచాలని దీని అర్థం. ఒక్క తలుపు మీదే ఆశ పెట్టుకుంటే అది మూసుకునేసరికి మిగతావీ మూసుకుని ఉంటాయి.

ప్రతివాదుల పేర్లు కూడా జాగ్రత్తగా రాయించాలి. 2015లో మలేషియా ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి, పాత మలేషియన్ ఎయిర్‌లైన్ సిస్టమ్ ఆస్తులను మలేషియా ఎయిర్‌లైన్స్ బెర్హాద్ అనే కొత్త కంపెనీకి మార్చింది. విమానం నడిపినది పాత కంపెనీ, వ్యాపారం కొనసాగించినది కొత్తది. ఇలాంటప్పుడు రెంటినీ, బీమా కంపెనీని కూడా చేర్చాలా అన్నది న్యాయవాదిని తప్పనిసరిగా అడగండి. ప్రభుత్వ శాఖల మీద దావాకు వేరే గడువు, వేరే నోటీసు ఉంటాయి. మన దేశంలోనైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు అవసరం.

రుజువు భారం ఎవరిది

విమానమే లేనప్పుడు మేము ఏమి రుజువు చేయగలమని కుటుంబాలు నిరాశపడతాయి. ఒప్పందం మాత్రం ఆ బరువును ఎక్కువ భాగం సంస్థ మీదే పెట్టింది. మరణం విమానంలో జరిగిన ప్రమాదం వల్ల సంభవించిందని కుటుంబం చూపాలి. 2015 జనవరి 29న మలేషియా ప్రభుత్వం ఎంహెచ్370 ఘటనను ప్రమాదంగా, అందులోనివారు మరణించినట్లుగా అధికారికంగా ప్రకటించింది. ఆధారం లేకుండా ఆశ వదులుకోమంటున్నారని చాలా కుటుంబాలు ఆ ప్రకటనను తప్పుపట్టాయి, ఆ బాధ న్యాయమైనదే. అయినా కోర్టులో అది వారికి ఉపయోగపడే పత్రం. అలాంటి ప్రకటన లేకపోతే మన చట్టంలో, భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లుగా జాడ లేని వ్యక్తి విషయంలోనే మరణించినట్లు భావించడానికి వీలవుతుంది. అప్పటికి రెండేళ్ల గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి ప్రకటనను అంగీకరించడం వేరు, దాని ధ్రువీకృత ప్రతి తెచ్చుకోవడం వేరు అని గుర్తుంచుకుని ఆ ప్రతి తెచ్చుకోండి.

ఇక 21వ అధికరణం. ఒక స్థాయి వరకు సంస్థ తన తప్పు లేదని వాదించడానికే వీలు లేదు. ఆ స్థాయి ఎంహెచ్370 నాటికి 1,13,100 ఎస్‌డీఆర్‌లు, 2024 డిసెంబరు 28 నుంచి 1,51,880 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్. ఆ స్థాయి దాటిన నష్టానికి కూడా, తన నిర్లక్ష్యం లేదని, లేదా పూర్తిగా వేరొకరి తప్పేనని సంస్థే రుజువు చేసుకోవాలి. విమానం ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదన్నప్పుడు తన తప్పు లేదని సంస్థ ఎలా చూపుతుంది? తెలియకపోవడం ఇక్కడ కుటుంబానికి బలం. ఈ మాట మీ న్యాయవాది నోట మొదటి వాయిదాలోనే రావాలి.

అయితే ఆ ఎస్‌డీఆర్ మొత్తం అందరికీ సమానంగా చేతికి వచ్చే సొమ్ము కాదు, నష్టం ఎంతో కుటుంబం చూపవలసిందే. 2010 మంగళూరు విమాన ప్రమాదం తర్వాత, ఆ మొత్తాన్ని అందరికీ కనీసంగా ఇవ్వాలా అన్న ప్రశ్నే కేరళ హైకోర్టులో వచ్చింది. అదే ప్రమాదంలో మరణించిన ఒక ఉద్యోగి కుటుంబానికి 2020లో సుప్రీంకోర్టు రూ.7.64 కోట్లు నిర్ధారించినప్పుడు, జీతంలో అలవెన్సులను తీసివేసి లెక్క కట్టడం సరికాదని చెప్పింది. నియామక పత్రం, జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు, ఇంటికి పంపిన డబ్బు వివరాలు, పిల్లల చదువు ఖర్చులు, తల్లిదండ్రుల వైద్యం బిల్లులు సేకరించుకోండి. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అవసరమైతే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కూడా ముందే తెచ్చుకోవాలి.

ఇవ్వని పత్రాన్ని పేరు పెట్టి అడగడం

విమానం అదృశ్యమైన వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. రికార్డులను చెరిపివేయవద్దని, భద్రపరచమని సంస్థకు, పౌర విమానయాన శాఖకు, విమానాశ్రయానికి న్యాయవాది ద్వారా లేఖ పంపాలి. విమానాశ్రయాల్లో సీసీటీవీ దృశ్యాలు ఎక్కువ కాలం ఉంచరు. విధుల పట్టికలు (రోస్టర్లు), వాట్సాప్ సందేశాలు, విధుల్లో ఉన్నవారి ఫోను రికార్డులు కూడా చెదిరిపోతాయి. ఆ లేఖ అందినట్లు రసీదు ఉంటే, తర్వాత రికార్డు లేదని చెప్పినప్పుడు ఎప్పుడు, ఎవరి అనుమతితో పోయిందని అడగవచ్చు.

అడగడంలోనే నేర్పు ఉంది. "ఈ విమానానికి సంబంధించిన సమస్త పత్రాలు ఇవ్వండి" అంటే, ఆ కోరిక మితిమీరినదని, అస్పష్టమని కోర్టు తోసిపుచ్చుతుంది. ఎంహెచ్370 పోయిన మూడో వారంలో, 2014 మార్చి 25న, ఒక న్యాయవాదుల సంస్థ అమెరికాలోని షికాగోలో కుక్ కౌంటీ కోర్టుకు వెళ్లి, విమానం తయారు చేసిన బోయింగ్ నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ నుంచి పత్రాలు ఇప్పించాలని కోరింది. న్యాయమూర్తి వారం లోపే దాన్ని కొట్టివేశారు. పద్ధతి తప్పితే తొందర కూడా పనికిరాదు. పైగా ప్రమాదం జరిగిన వెంటనే ఆసుపత్రికో హోటలుకో వచ్చి సంతకాలు అడిగే న్యాయవాదుల విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికా చట్టం తమ పరిధిలోని ప్రమాదాల్లో మొదటి 45 రోజులు న్యాయవాదులు తామై కుటుంబాలను సంప్రదించడాన్నే నిషేధించింది.

పత్రాన్ని ఎలా పేర్కొనాలో ఎంహెచ్370 రికార్డుల నుంచే చూడవచ్చు. తెల్లవారుజామున 1.19కి కాక్‌పిట్ నుంచి చివరి మాట వినిపించింది. 1.21కి ట్రాన్స్‌పాండర్ (విమానం గుర్తింపును రాడారుకు తెలిపే పరికరం) సంకేతం పోయింది. విమానం ఏమైందని వియత్నాంలో విమానాల రాకపోకలు నియంత్రించే కంట్రోలర్లు 1.38కి అడిగారు. ఆ తర్వాత విమానం కంబోడియా గగనతలంలో ఉందని సంస్థ ఆపరేషన్స్ విభాగం చెప్పింది. అది అంచనా మీద నడిచే ట్రాకరు చూపిన దారి మాత్రమేనని 3.30 గంటలకు గాని తేలలేదు. గాలింపు కేంద్రాన్ని 5.30కి మేల్కొలిపారు. ఆ చివరి మాట "ఆల్ రైట్, గుడ్ నైట్" అని మొదట అధికారులు చెప్పారు. మార్చి 31న దాన్ని "గుడ్ నైట్ మలేషియన్ త్రీ సెవెన్ జీరో" అని సవరించారు. ఇన్ని సంగతులు తెలిశాక లేఖలో ఇలా రాయవచ్చు:

"2014 మార్చి 8 తెల్లవారుజామున 1.19 గంటల నుంచి 5.30 గంటల వరకు కౌలాలంపూర్ ఏరియా కంట్రోల్ కేంద్రంలో నమోదైన రేడియో, టెలిఫోను సంభాషణల అసలు శబ్ద రికార్డును, దానిని రాతలో పెట్టిన ప్రతి ముసాయిదాను, ఒక్కొక్క మార్పు చేసినవారి హోదాను, మార్పు తేదీని ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. అదే వేళలో సంస్థ ఆపరేషన్స్ విభాగం ఉపయోగించిన ట్రాకరు తెరపై కనిపించిన సమాచారాన్ని, ఆ సమాచారాన్ని కంట్రోలర్లకు చేరవేసిన సందేశాలను కూడా కోరుతున్నాము. ఇందులో ఏదైనా లేకపోతే, అది ఎన్నడూ లేదా, ఉండి పోయిందా, ఉండి ఇవ్వనంటున్నారా అన్నది విడివిడిగా తెలియజేయవలెను."

చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. జవాబు ఏది వచ్చినా అది అధికారిక రికార్డు అవుతుంది.

నిర్వహణ రికార్డుల విషయంలోనూ అంతే, భాగం పేరుతో అడగాలి. 2015 మార్చి 8న వచ్చిన మధ్యంతర నివేదికలో, బ్లాక్ బాక్సుల్లో ఒకటైన ఫ్లైట్ డేటా రికార్డరుకు అమర్చిన నీటి అడుగు సంకేత పరికరం బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే ముగిసిందని, కంప్యూటరులో నమోదు సరిగా చేయకపోవడం వల్ల దాన్ని మార్చలేదని తేలింది. సముద్రంలో వెతికేవారికి ఆధారమయ్యే వస్తువు అది. నిర్లక్ష్యం మీద వాదనకు ఇంతకంటే స్పష్టమైన పత్రం దొరకడం అరుదు. సరకు జాబితాకూ ఇదే పద్ధతి. 2014 మే 1న విడుదలైన జాబితాలో మాంగోస్టీన్ పళ్లతో పాటు లిథియం అయాన్ బ్యాటరీలు కనిపించాయి. వాటి ప్యాకింగ్ ధ్రువపత్రాలు, స్కానింగ్ రికార్డులు వేరుగా అడగవలసినవి.

సారాంశంతో తృప్తి పడవద్దు. ముడి సమాచారం అడగండి. ఉపగ్రహ సంకేతాల ఆధారంగా విమానం దక్షిణ హిందూ మహాసముద్రంలో ముగిసిందని మలేషియా ప్రధాని 2014 మార్చి 24న ప్రకటించారు. లెక్కకు ఆధారమైన, ఉపగ్రహ కంపెనీ ఇన్మార్‌శాట్ సమాచారం 47 పేజీలుగా మే 27న, కుటుంబాలు పట్టుబట్టాక విడుదలైంది. అది వచ్చాకే బయటి నిపుణులు ఆ లెక్కను సొంతంగా సరిచూడగలిగారు.

నిరాకరణకు ఏ జవాబు

అధికారులు చెప్పే మొదటి కారణం, పౌర విమానయానంపై దేశాల మధ్య ఉన్న షికాగో ఒప్పందపు 13వ అనుబంధం (అనెక్స్ 13). ప్రమాద విచారణ ఉద్దేశం తప్పు ఎవరిదో తేల్చడం కాదని, కాక్‌పిట్ సంభాషణలు, సాక్షుల వాంగ్మూలాలు, వైద్య వివరాలు వంటివి మామూలుగా బయటపెట్టకూడదని అది చెబుతుంది. ఆ రక్షణ అవసరమే. శిక్ష భయం లేనప్పుడే పైలట్లు, కంట్రోలర్లు నిజం చెబుతారు. కానీ అది సంపూర్ణ నిషేధం కాదు. బయటపెట్టడం వల్ల కలిగే నష్టం కంటే ప్రయోజనం ఎక్కువని అధికారం గల సంస్థ తేల్చితే ఇవ్వవచ్చు. పైగా అందులో పేర్కొన్న రకాల రికార్డులకే ఆ కవచం. సంస్థ రోజువారీ పనిలో తనకోసం రాసుకున్న మరమ్మతు పుస్తకం, రోస్టరు, శిక్షణ రికార్డు విచారణ బృందం చేతికి వెళ్లినంత మాత్రాన రహస్యాలు కావు. వాటి అసలు సంస్థ దగ్గరే ఉంటుంది, అక్కడే అడగాలి.

రెండో కారణం దేశభద్రత. సైనిక రాడారు ఆ విమానం వెనక్కి తిరిగి, పినాంగ్ దాటి, మలక్కా జలసంధి మీదుగా 2.22 వరకు సాగినట్లు చూపింది. అయినా మొదటి రోజుల్లో గాలింపు దక్షిణ చైనా సముద్రంలోనూ సాగింది. ఇలాంటి రికార్డును భారత కోర్టులో అడిగినప్పుడు ప్రభుత్వం సాక్ష్య అధినియమం 129వ సెక్షన్ కింద నిరాకరించవచ్చు. అప్పుడు పత్రాన్ని న్యాయమూర్తి స్వయంగా చూసి నిర్ణయించాలని కోరండి. రాడారు సామర్థ్యం తెలిసే భాగాన్ని తొలగించి, సమయాలు, దిశలు మాత్రమే ఇచ్చినా మీ వాదనకు చాలు.

మన దేశంలో దావా నడుస్తుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 11 కింద లిఖిత ప్రశ్నలు వేయడం, పత్రాలు చూపించమనడం సాధ్యం. ఆదేశించినా ఇవ్వకపోతే, ఆ పత్రం వారికి వ్యతిరేకంగా ఉండబట్టే ఇవ్వలేదని అనుకోవడానికి సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ కోర్టుకు వీలు కల్పిస్తుంది. పత్రం చేతికి రాకపోయినా ఆ అనుమానం మీకు సాక్ష్యమవుతుంది. దావా అమెరికా బయట ఉండి, కావలసిన పత్రం అమెరికా కంపెనీ దగ్గర ఉంటే, అక్కడి ఫెడరల్ చట్టంలోని 1782వ సెక్షన్ కింద జిల్లా కోర్టును అడగవచ్చు. భారత ప్రభుత్వ శాఖల దగ్గర ఉన్న ఉత్తరాలు, గాలింపు వివరాలకు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు, జవాబుకు 30 రోజులు. 8(1)(ఎ) కింద విదేశీ సంబంధాల పేరుతో కాదంటే, అప్పీలులో 8(2) కింద ప్రజాప్రయోజనాన్ని ఎత్తిచూపండి.

సైనిక విమానాలకు మాంట్రియల్ ఒప్పందం వర్తించదని మాత్రం తెలుసుకోవాలి. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ అదృశ్యమైన వాయుసేన ఏఎన్-32లో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో పౌర ఉద్యోగులు. దాని శకలాలు సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో దొరికాయని 2024 జనవరిలో ప్రకటించారు. అలాంటి కుటుంబాల పరిహారం ఉద్యోగ నిబంధనల ప్రకారం సాగుతుంది. సమాచార హక్కు దరఖాస్తు, రిట్ పిటిషన్ వారికి మిగిలే మార్గాలు.

మీ దగ్గరి సాక్ష్యం, సంతకం

ప్రయాణికుడు పంపిన చివరి సందేశాలు, కాల్ జాబితా, సంస్థ పంపిన ఎస్ఎంఎస్‌లు ఉన్న ఫోనును మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) ఇవ్వాలి కాబట్టి, ఆ ప్రతిని నిపుణుడితోనే తీయించండి. అధికారుల సమావేశాలకు వెళ్తే తేదీ, హాజరైనవారి హోదాలు, చెప్పిన మాట అదే రోజు రాసుకుని, ధ్రువీకరించమని వారికే ఈ-మెయిల్ పంపండి. మాట మారినప్పుడు ఆ ఈ-మెయిల్ పనికొస్తుంది.

సంస్థ ముందస్తుగా ఇచ్చే సొమ్ము తీసుకోవడం తప్పు కాదు. ఒప్పందం 28వ అధికరణం ప్రకారం అది బాధ్యత అంగీకరించడం కాదు, తర్వాతి పరిహారంలో తగ్గించుకుంటారు. కానీ సంతకం పెట్టే రసీదులో "పూర్తి, అంతిమ పరిష్కారం" అన్న మాట ఉందా, తయారీదారు మీద, ప్రభుత్వం మీద హక్కులు వదులుకుంటున్నట్లు ఉందా, చేతికొచ్చిన పత్రాలను తిరిగి ఇచ్చి మౌనంగా ఉండాలన్న షరతు ఉందా అన్నవి చూసుకోండి. ఆ రసీదు మీకు తెలిసిన భాషలో లేకపోతే రాతపూర్వక అనువాదం అడగండి, నోటిమాట అనువాదం మీద సంతకం చేయవద్దు. వారసుల్లో మైనరు పిల్లలు ఉంటే, నడుస్తున్న దావాలో వారి తరఫున రాజీకి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 32 రూలు 7 కింద కోర్టు అనుమతి కావాలి. ఆ అనుమతి లేకుండా తల్లి గాని, బాబాయి గాని పెట్టిన సంతకాన్ని మైనరు తరఫున రద్దు చేయించవచ్చు.